నిలబడ్డవాడి గుండె

బేడీలు పట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ హిరుకవా రెండోసారి గట్టిగా నొక్కాడు. ఇవగసుమి మణికట్టు మామూలు మనిషి పిక్కంత లావుంది. ఉక్కు కడియం సగం దాకా వెళ్లి మొరాయించింది.

"చెయ్యి బిగించకు!"

"బిగించలేదు సార్. ఇది వదులుగా ఉన్నప్పటి సైజే."

గోడవారగా నిలబడ్డ సుమో మల్లుల్లో ఎవరికో నవ్వొచ్చి గొంతులోనే ఆగిపోయింది. హిరుకవా గిర్రున తిరిగాడు. అందరూ నేల చూశారు. ఆ తెల్లవారుజామున ఇదే గోదాలో వాళ్ల తోటివాడు హయసెనామి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. ఇరవై రెండేళ్లవాడు.

"స్టేషన్‌కి పరిగెత్తు," హిరుకవా కానిస్టేబుల్‌ని గదిమాడు. "పెద్ద సైజువి ఉంటాయి, పట్రా. లేకపోతే తాడు పట్రా."

"అవి వచ్చేదాకా ఇతన్ని నాకు వదలండి," అంది వాకిట్లోంచి ఒక గొంతు.

ఇన్‌స్పెక్టర్ కురమోచి రిత్సుకో చెప్పులు విడిచి లోపలికొచ్చింది. హిరుకవా ముఖం చిట్లించాడు. ఆయన కేంద్ర కార్యాలయం మనిషి, ఆమె స్థానిక స్టేషన్ మనిషి. పోలీసుల్లో చేరకముందు ఎనిమిదేళ్లు గుండె జబ్బుల వార్డులో నర్సుగా పనిచేసింది. ఆ సంగతి హిరుకవా ఎప్పుడూ మర్చిపోడు, ఎవర్నీ మర్చిపోనివ్వడు.

"రండి నర్సమ్మా. నాడి చూస్తారా?"

"నాడి చూసే వేళ దాటిపోయింది హిరుకవా గారూ. కేసేమిటో చెప్పండి."

"కేసు తేలిపోయింది. మినెగుమొ గురువుగారికి కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. ఆ అమ్మాయినీ, ఈ తాలింఖానానీ హయసెనామి చేతుల్లో పెడతానని పోయిన నెల అందరి ముందూ చెప్పారు. అప్పటిదాకా ఆ చోటు తనదే అనుకున్నవాడు వీడు. ఇవాళ సాధన పేరుతో ఆ కుర్రాణ్ణి ఛాతీ మీద బాదాడు, మట్టిలో పడేసి దొర్లించాడు, లేవలేనివాణ్ణి మళ్లీ లేపాడు. చూసినవాళ్లు పన్నెండు మంది."

"అది రోజూ చేసేదే సార్," అన్నాడు ఇవగసుమి. ఒంటి మీద నడికట్టు తప్ప ఇంకేమీ లేదు. పొద్దుటి మట్టీ ఇసకా ఛాతీ మీద అలాగే ఎండిపోయి ఉన్నాయి. సాక్ష్యం చెదిరిపోతుందని హిరుకవా అతన్ని స్నానానికి వెళ్లనివ్వలేదు. "తమ్ముడు వచ్చి గుద్దుకుంటాడు, నేను ఛాతీ ఇస్తాను. చివర్లో దొర్లిస్తాను. నన్నూ మా అన్నలు అలాగే దొర్లించారు."

"ఆ అన్నలెవరూ నిన్ను చంపలేదుగా!"

వీధిలో కెమెరాలవాళ్లు గేటుకి అంటుకుపోయి ఉన్నారు. బేడీలతో ఆ గడప దాటిన మల్లుడు నిర్దోషిగా తిరిగొచ్చినా మళ్లీ గోదా ఎక్కలేడు. మల్లుడి గుర్తయిన జుట్టు ముడి కత్తిరించుకుని వెళ్లిపోవాల్సిందే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువగా, పైనున్న అరుగు మీద కూర్చున్న ముసలాయనకి తెలుసు.

ఆయన డాక్టరు ఉత్సుగి. ముప్పై ఏళ్లుగా ఈ తాలింఖానాకి వైద్యుడు. ఇవగసుమికి తల్లివైపు తాత.

రిత్సుకో ఇవగసుమి ఎదుట నిలబడింది.

"హయసెనామికి ఒంట్లో బాగుందా ఈ మధ్య?"

"కుడి మోకాలు పట్టేసిందండీ, ఇరవై రోజులుగా. తోయడానికి పనికొచ్చేది, ముడవడానికి కాదు. మేమంతా వరసగా గొంతుకూర్చుంటే వాడొక్కడే నిటారుగా నిలబడేవాడు. గురువుగారే మినహాయింపు ఇచ్చారు. బాతుల మధ్య కొంగలా ఉన్నావురా అని ఏడిపించేవాళ్లం." అతను గోదా వైపు చూశాడు. "నిన్న రాత్రి కూడా ఏడిపించాను."

"ఎడమ భుజానికి టేపు ఉందట?"

"నొప్పిగా ఉందన్నాడు. చుట్టింది నేనే."

"పడిపోయాక ముందుగా ఎవరొచ్చారు?"

"తాతయ్య. అంటే, డాక్టరుగారు. పైనుంచి సాధన చూస్తున్నారు. ఒక్క దూకులో కిందకి వచ్చేశారు. టేపు కోశారు, తర్వాత గుండె మీద నొక్కారు..."

"ముందు టేపా?"

ఇవగసుమి తడబడ్డాడు. "అవునండీ. భుజం టేపు."

రిత్సుకో తలెత్తి చూసింది. డాక్టరు ఉత్సుగి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"భుజం తప్పిందేమో అనుకున్నానమ్మా. కేక వేసి పడ్డాడు. క్షణం తర్వాత అర్థమైంది, సంగతి అది కాదని."

అప్పుడే ఆమె జేబులో ఫోన్ మోగింది. శవపరీక్ష చేస్తున్న డాక్టరు. రిత్సుకో మూలకి వెళ్లి విన్నది, రెండు ప్రశ్నలు వేసింది, తిరిగొచ్చింది.

"పక్కటెముకలు విరిగింది గుండె నొక్కినప్పుడే. దెబ్బలన్నీ చర్మం దగ్గరే ఆగిపోయాయి. బాదడం వల్ల చావలేదు హిరుకవా గారూ. గుండెలో రెండు గదుల మధ్య గోడ ఉండాల్సినదానికి మూడింతలు మందంగా ఉంది. పుట్టుకతో వచ్చే జబ్బు."

గోడవార నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. డాక్టరు ఉత్సుగి లేచి నిలబడ్డాడు.

"నేను పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా! వాడి గుండే వాణ్ణి తీసుకుపోయింది. మా వాడి తప్పేం లేదు. వదలండి వాణ్ణి."

"పొద్దున్నుంచీనా?" అంది రిత్సుకో. "ఆ జబ్బుంటే గుండెలో మర్మర్ వినపడుతుంది. మీరు వినలేదా?"

"మర్మర్ అంటే?" హిరుకవా విసుక్కున్నాడు. "ఇక్కడ నర్సులు కానివాళ్లు కూడా ఉన్నారు."

"గుండె రెండు చప్పుళ్లు చేస్తుంది. లబ్ అని ఒకటి, డబ్ అని ఒకటి. లోపలి తలుపులు మూసుకునే చప్పుళ్లవి. లబ్‌కీ డబ్‌కీ మధ్య నిశ్శబ్దంగా ఉండాలి. రక్తం బయటికి పోయే దారి ఇరుకైతే అక్కడ ఒక హోరు పుడుతుంది, కిటికీ సందులోంచి గాలి దూరినట్టు. చెవి ఉన్న డాక్టరు దాన్ని వదిలిపెట్టడు."

"నా చెవులకేం లోటు లేదమ్మా," అన్నాడు డాక్టరు ఉత్సుగి నెమ్మదిగా. "లోటు పద్ధతిలో ఉంది. నెలనెలా పరీక్ష ఇక్కడే, ఈ అరుగు అంచున కూర్చుని చేస్తాను. ఒక్కొక్కరే వచ్చి నా ముందు గొంతుకూర్చుంటారు. స్టెతస్కోపు ఛాతీకి ఆనిస్తాను. మొదటి రోజు నుంచీ అంతే."

"అంతే మరి!" మినెగుమొ గురువు గర్జించాడు. ఒకప్పుడు పేరు మోసిన మల్లుడు, ఇప్పటికీ గొంతు తగ్గలేదు. "పెద్దాయన కూర్చుని ఉంటే కుర్రవెధవలు ఆయన నెత్తిన తాటిచెట్టులా నిలబడతారా? నా తాలింఖానాలో కుదరదు."

"ఆ మర్యాదే కొంప ముంచింది గురువుగారూ," అన్నాడు డాక్టరు. "మనిషి గొంతుకూర్చుంటే కాళ్లలోని రక్తం పైకి ఎక్కుతుంది. గుండె నిండుగా ఉబ్బుతుంది, ఇరుకుదారి కాస్త తెరుచుకుంటుంది, హోరు అణిగిపోతుంది. ఈ ఒక్క జబ్బులో అదే చిక్కు. నిలబెట్టి వింటే దొరికేది. నేను ఎవర్నీ నిలబెట్టలేదు. డాక్టరుగా నా తప్పే. లైసెన్సు తీసేసుకోండి. కానీ ఇందులో హత్య లేదు."

ఆయన కళ్లు చెమర్చాయి.  హిరుకవా చేతిలో కేసు ఇసకలా జారిపోతోంది.

రిత్సుకో మాత్రం గోదా వైపు చూస్తోంది. ఈతమానులంత లావున్న గడ్డిమోకుల వలయం, మధ్యలో గట్టి మట్టి. మల్లులు ఊడవడానికి పోలీసులు ఒప్పుకోలేదు. పడి దొర్లిన జాడలు, దూకి వచ్చిన డాక్టరు మేజోళ్ల గుర్తులు, అవతలి అంచున కోసి పారేసిన తెల్లటి టేపు ముక్క.

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. మినెగుమొ గురువు అడ్డం వచ్చాడు.

"ఆడవాళ్లు గోదాలో కాలు పెట్టకూడదు."

"ఒక మనిషి చచ్చిపోయిన చోటది."

"అందుకే ఇంకా పెట్టకూడదు. కావాలంటే నన్ను కూడా పట్టుకుపొండి."

హిరుకవా ముఖం వెలిగిపోయింది. "ఏం కావాలి నర్సమ్మా? అన్నగారు తెచ్చిపెడతారు. మాకు ఆ అదృష్టం ఉంది."

"ఆ టేపు ముక్క. చేతికి గ్లవ్స్ వేసుకుని తెండి అన్నగారూ."

ఆయన గొప్పగా గోదా దాటి వెళ్లి, కొసలు పట్టుకుని తెచ్చి ఆమె ముందు చాపాడు. జిగురు వైపు అంతా నూగు వెంట్రుకలు, మట్టి. మధ్యలో అగ్గిపెట్టెంత చోటు మాత్రం నున్నగా, శుభ్రంగా ఉంది.

"దీని కింద ఏదో అంటించి ఉంది," అంది రిత్సుకో. "టేపుకీ చర్మానికీ మధ్య. అది ఏమైంది?"

"చెమటకి జారి ఎక్కడో పడుంటుంది," అన్నాడు హిరుకవా.

"గోదాలో లేదు. శవం మీదా లేదు, ఇందాక ఫోన్లో అడిగాను. తెల్లారి నుంచీ ఇక్కడ ఎవరూ స్నానం చెయ్యలేదు, ఊడవలేదు. ఆ కుర్రాడి భుజం ఆఖరిసారి దేనికి గుద్దుకుంది?"

అందరి చూపులూ ఇవగసుమి మీదకి వెళ్లాయి. ఎండిన ఇసకతో అతని ఛాతీ బూడిదరంగులో ఉంది. ఎడమ రొమ్ము కింద, నడికట్టు పై అంచు దగ్గర, ఇసక ఒక్కచోట చదరంగా అంటుకుని ఉంది.

"కదలకు."

ఆమె గోరుతో అంచు లేపింది. పలుచటి పట్టీ ఊడి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి రెండు. వీపు వైపు సన్నటి అక్షరాలు ముద్రించి ఉన్నాయి. రిత్సుకో వాటిని చదవాల్సిన అవసరం లేదు. వార్డులో ఇలాంటివి ఎన్ని అంటించిందో లెక్కలేదు.

"ఇది నొప్పి పట్టీ కాదు. నైట్రోగ్లిజరిన్. ఛాతీనొప్పి వచ్చే ముసలివాళ్లకి వాడతారు. రక్తనాళాల్ని వదులు చేస్తుంది, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మీకో నాకో అంటిస్తే తలనొప్పి వస్తుంది, అంతే. హయసెనామి గుండెకి అంటించి గోదాలో పరిగెత్తిస్తే ఆ ఇరుకుదారి కాస్తా మూసుకుపోతుంది."

 ముందుగా తేరుకున్నది హిరుకవా.

"ఆహా! టేపు చుట్టింది వీడు. పట్టీ దొరికింది వీడి ఒంటి మీద. తాతది మందుల బీరువా." ఇవగసుమి గడ్డం పట్టుకుని పైకెత్తాడు. "బాదడం కన్నా ఇది ఇంకా నాజూగ్గా ఉందిరా. చెప్పు, ఎవరిచ్చారు ఈ పట్టీలు?"

ఇవగసుమి నోరు తెరిచాడు. అతని చూపు అరుగు మీదకి వెళ్లింది. తాత ముఖం మీద ఆగింది. నోరు మళ్లీ మూసుకుంది. అప్పటిదాకా అడిగినదానికల్లా జవాబిచ్చిన మనిషి ఒక్కసారిగా గోడలా మారిపోయాడు.

"టేపు చుట్టేటప్పుడు ఇవి అప్పటికే అంటించి ఉన్నాయా?" అడిగింది రిత్సుకో.

"లేవు."

"హయసెనామి ఏమైనా చెప్పాడా? ఫలానావాళ్లు ఇచ్చారని?"

"ఏం చెప్పలేదు. నేనే అంటించాను." అతను తల దించుకున్నాడు. "నేనే చంపాను. తీసుకుపొండి."

"విన్నారా!" హిరుకవా చేతులు రుద్దుకున్నాడు.

"విన్నాను. ఒక్క ప్రశ్న ఇవగసుమీ. వాడి గుండె జబ్బు సంగతి నీకెలా తెలిసింది?"

"మీరే చెప్పారుగా."

"ఇప్పుడు చెప్పాను. పొద్దున ఎలా తెలుసు?"

అతను మళ్లీ అరుగు వైపు చూశాడు. 

"హిరుకవా గారూ, ఈ పట్టీ అందరికీ విషం కాదు," అంది రిత్సుకో. "ఇక్కడున్న పన్నెండు మందికీ అంటించినా మధ్యాహ్నం అన్నం మానరు. ఒక్క గుండెకే విషం. అంటించినవాడికి ఆ గుండె సంగతి తెలిసుండాలి. ఎక్స్‌రేలు లేవు, స్కానింగులు లేవు. తెలియాలంటే ఒకటే దారి. ఎవరో విని ఉండాలి."

"ఎవరూ వినలేదని డాక్టరుగారే ఒప్పుకున్నారు కదా!"

"అవును, గొంతుకూర్చున్నవాడి గుండెలో వినపడలేదని." ఆమె అరుగు వైపు తిరిగింది. "డాక్టరుగారూ, ఆఖరి పరీక్ష ఎప్పుడు చేశారు?"

"పోయిన ఆదివారం."

"హయసెనామి మీ ముందు ఎలా ఉన్నాడు?"

"అందరిలాగే."

"మోకాలు పట్టేసి అప్పటికే పది రోజులు దాటింది. అందరిలాగా ఎలా ఉంటాడు?"

 జవాబు ఇంకోచోట నుంచి వచ్చింది. మినెగుమొ గురువు బుర్ర గోక్కుంటున్నాడు. ఆ పెద్ద గొంతు ఇప్పుడు చాలా చిన్నదిగా ఉంది.

"వాడు నిలబడ్డాడు. డాక్టరుగారూ, గుర్తులేదా? వాడు వంగలేకపోతే మీరే లేచి నిలబడి చూశారు. పెద్దాయన్ని లేపావు కదరా అని తర్వాత వాణ్ణి నేను తిట్టాను కూడా. చాలాసేపు విన్నారు మీరు. స్టెతస్కోపు తీశారు, మళ్లీ పెట్టారు. ఏమైనా ఉందా అని అడిగితే, ఏం లేదు, బ్రహ్మాండంగా ఉంది, భుజం నొప్పి అంటున్నాడు, పట్టీలు పంపిస్తాను అన్నారు."

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. కానిస్టేబుల్ వగరుస్తూ లోపలికొచ్చాడు. చేతిలో పెద్ద బేడీలు ఉన్నాయి. తలుపు సందులోంచి కెమెరా వెలుగులు ఒకదాని వెంట ఒకటి మెరిశాయి.

"వెయ్యి," అన్నాడు హిరుకవా. గొంతులో మునుపటి ధీమా లేదు. "విన్నంతమాత్రాన అంటించినట్టు కాదు. చేతిలో నేరం ఒప్పుకున్నవాడున్నాడు. ఆయన నోరు విప్పితే తప్ప నేను తీసుకుపోయేది వీణ్ణే."

రిత్సుకో అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పదలచుకోలేదు.

ఇవగసుమి రెండు చేతులూ చాపాడు. కళ్లు మూసుకున్నాడు. కుడి మణికట్టు మీద కడియం టక్కున పడింది.

"తాతయ్యా, లోపలికెళ్లు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నువ్వు చూడకు."

"ఆగండి."

డాక్టరు ఉత్సుగి అరుగు దిగాడు. పొద్దున ఒక్క దూకులో దిగిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క కాలే కింద పెట్టి, స్తంభం పట్టుకుని దిగాడు. మెడలో స్టెతస్కోపు తీసి మనవడి పాదాల దగ్గర పెట్టాడు.

"ముప్పై ఏళ్లలో నా ముందు నిలబడ్డవాడు వాడొక్కడే," అన్నాడు. "లబ్‌కీ డబ్‌కీ మధ్య ఆ హోరు వినగానే చెయ్యి చల్లబడిపోయింది. ఈ తాలింఖానాలో ఇంకెన్ని గుండెల్ని ఇలా దాటించేశానో అనిపించింది. చెప్పేద్దామనే అనుకున్నాను, నిజంగా. ఆ సాయంత్రం వీడు మా ఇంటికొచ్చాడు. అన్నం ముందు కూర్చుని, గోదా మానేసి ఊరెళ్లిపోతాను తాతయ్యా అన్నాడు. పదిహేనేళ్ల వయసులో ఇక్కడికి తీసుకొచ్చింది నేను. ఇంకేం పనీ రాదు వీడికి. నొప్పి పట్టీల పేరుతో ఆ కుర్రాడికి ఇవి పంపించాను."

"తాతయ్యా, చాలు!"

"నువ్వు నోర్ముయ్యి. నా కోసం అబద్ధం చెప్పమని నిన్నెవరు అడిగారు? టేపు కోసింది ఆ పట్టీలు తీసెయ్యడానికే ఇన్‌స్పెక్టరుగారూ. చూస్తే లేవు. అప్పటి నుంచీ వాటి కోసం నేల వెతుకుతున్నాను. అవి వీడి గుండె మీద అంటుకుని ఉన్నాయి." ముసలాయన మనవడి వైపు చూపించాడు. "వీడి ఛాతీ మీదే."

రిత్సుకో కానిస్టేబుల్‌కి సైగ చేసింది. ఇవగసుమి చేతి నుంచి పెద్ద కడియం ఊడిపోయింది. హిరుకవా పొద్దుటి నుంచీ ఎవరికీ పట్టని చిన్న బేడీలు జేబులోంచి తీశాడు. అవి ముసలాయన మణికట్లకి ఏ ఇబ్బందీ లేకుండా పట్టాయి.

"ఇంకొక్కటి మిగిలింది," అంది రిత్సుకో. "అబద్ధం ఇంతమంది ముందు ఒప్పుకోలుగా వచ్చింది. నిజం కూడా ఇంతమంది ముందే రావాలి. హయసెనామిని చంపింది ఎవరు? పేరు పెట్టి చెప్పండి."

తాలింఖానాలో అందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవారు. పూర్తి పేరు చాలామందికి తెలియదు. గోడవార మల్లులు ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా, వరసగా గొంతుకూర్చున్నారు. ఇవగసుమి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ముసలాయన మనవడి ఛాతీ వైపు చూస్తూ, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఉత్సుగి సెయిజబురో."